నల్ల కారు మీద నేత

మా మేనమామ కారు రంగు నలుపు. సూరత్‌లో నల్ల కారు కొనడమంటే తెల్ల చొక్కా వేసుకుని పసుపు మిల్లులో ఉద్యోగానికి చేరడం లాంటిది. అందులోనూ మేముండే డిండోలి పేటలో దుమ్ముకు ఆదివారం సెలవు కూడా లేదు. ఒక వీధిలో రోడ్డు తవ్వుతుంటారు, పక్క వీధిలో తవ్వింది పూడుస్తుంటారు. దానికి తోడు మగ్గాల కార్ఖానాల నుంచి సన్నటి నూగు గాలిలో తేలుతూ వచ్చి, ముందే అనుకున్నట్టు నల్లటి వస్తువుల మీదే వాలుతుంది. అలాంటి చోట కొన్ని నెలలు ఉండటానికి ఆ కారు వచ్చింది.

ఎందుకు వచ్చిందో చెప్పాలంటే ముందు లిఫ్టు సంగతి చెప్పాలి.

మామ హజీరాలో ఒక పెద్ద కంపెనీలో ఇంజనీరు. కంపెనీ బస్సులో వెళ్లి కంపెనీ బస్సులోనే వస్తాడు, కారు ఆదివారాలకి. మా బాపు ఉధనా దగ్గర మగ్గాల కార్ఖానాలో మాస్టర్. అన్ని మగ్గాల చప్పుడులోనూ ఏ మగ్గం తప్పుగా కొట్టుకుంటోందో చెవితో పట్టేస్తాడు. ఇంట్లో అమ్మ పిలిస్తే మాత్రం వినపడదు. మామ ఆల్థాన్‌లో ఫ్లాటు కొని గృహప్రవేశం చేసిన రోజు, బాపు పెద్ద వంటగిన్నెలు ఆటోలో వేసుకుని అందరికన్నా ముందు వెళ్లాడు. గిన్నెలు మోసే మనిషిని చూసి వాచ్‌మన్ వంటాయన అనుకున్నాడు. సామాన్ల లిఫ్టులో ఎక్కమన్నాడు. మామ పక్కనే నిలబడి ఫోన్లో మాట్లాడుతున్నాడు. చూసి కూడా ఊరుకున్నాడని బాపు అంటాడు, అసలు చూడనే లేదని మామ అంటాడు. బాపు ఎక్కి వెళ్లాడు, గిన్నెలు దించాడు, భోజనం కూడా చేశాడు. ఆ తర్వాత మళ్లీ ఆల్థాన్ వైపు వెళ్లలేదు. మామ కూడా మా గుమ్మం తొక్కలేదు.

రాఖీ పండక్కి అమ్మ ఒక్కతే ఆటోలు మారి వెళ్లి తమ్ముడికి కట్టి వచ్చేది. మామ ఎలా ఉన్నాడో బాపు అడిగేవాడు కాదు. అమ్మే చెప్పేది, గోడకు చెబుతున్నట్టు. గోడ టీవీ గొంతు తగ్గించి మరీ వినేది.

పోయిన ఎండాకాలం మొదట్లో కంపెనీ మామని వేరే ఊళ్లో పనికి కొన్నాళ్లు పంపించింది. అత్త, పిల్లలు కూడా వెళ్తున్నారు. అదే సమయానికి వాళ్ల అపార్ట్‌మెంటు సెల్లారులో నీళ్లు కారుతున్నాయని నేల పగలగొట్టడం మొదలుపెట్టారు. కారు ఎక్కడ పెట్టాలి? అమ్మ ఫోన్లో ఒకే మాట అంది, మా ఇంటి ముందు పెట్టమని. అని ఫోన్ పెట్టేసింది, అవతల ఆలోచించుకునే వీలు లేకుండా.

మామ వచ్చాడు. మొదట వాకిట్లో నిలబడి నీళ్లు తాగాడు, తర్వాత లోపల కూర్చుని చాయ్ తాగాడు. వెళ్లేటప్పుడు తాళం చెవి నా చేతికిస్తాడనుకున్నాను, ఎందుకంటే ఇంట్లో లైసెన్సు ఉన్నది నాకే. బాపు చేతిలో పెట్టాడు.

"బావా, జర చూసుకో. గీత పడనియ్యకు."

"నా చేతిల పెట్టినవ్ గద," అన్నాడు బాపు.

వాళ్లిద్దరూ చాలా కాలం తర్వాత నేరుగా మాట్లాడుకున్న మాటలు అవి. మామ ఆటో వీధి మలుపు తిరిగాక అమ్మ మా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది: "ఇది మంచిగ వాపస్ పోతే నా తమ్ముడు మళ్ల ఈ ఇంటికి వస్తడు. ఏమన్న అయితే ఇగ రాడు. నాకు కారు సంగతి తెల్వది, వాడి సంగతి తెలుసు."

పని పంచుకున్నాం. ఆదివారం ఆదివారం బండి స్టార్ట్ చేసి ఒక చుట్టు తిప్పడం నాది. దుమ్ము బాపుది.

మగ్గం మనుషులకి ప్రపంచంలో ఏ సమస్యకైనా జవాబు బట్టే. కిటికీ పగిలితే బట్ట, పైపు కారితే బట్ట, పక్కింటివాళ్లతో గొడవైతే ఒక చీర. మా ఇంట్లో ఉప్పు అయిపోయిన రోజులున్నాయి కానీ చిందీ, అంటే కార్ఖానాలో మిగిలే ముక్కబట్ట, అయిపోయిన రోజు లేదు. బాపు రెండు సాయంత్రాలు ఆ మూటల ముందు కూర్చుని, కళ్లు మూసుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక్కో ముక్కనీ నలిపి చూశాడు. నా పెళ్లికి కూడా ఇంత శ్రద్ధగా ఎంచరు. చివరికి ముత్యం రంగు సాటిన్ ముక్క ఒకటి గెలిచింది. చేతిలోంచి జారిపోయేంత నునుపు.

రోజూ పొద్దున డ్యూటీకి వెళ్లే ముందు దానితో పొడిగా, గట్టిగా, శ్రద్ధగా తుడిచేవాడు. మామూలు జనం గుండ్రంగా తిప్పుతూ తుడుస్తారు. బాపు అలా కాదు. ముందు బానెట్ మొత్తం నిలువుగా, తర్వాత మొత్తం అడ్డంగా. తుడిచాక బట్ట దులిపి, అదే ముక్కని మడతపెట్టి దాచేవాడు. కారు నిగనిగలాడేది. వీధిలోవాళ్లు వచ్చి దువ్వెన తీసి తల దువ్వుకునేవారు.

అది చాలక కవరు కుట్టించాడు. కొన్న కవరు మీద ఆయనకి నమ్మకం లేదు, ఎవరు నేశారో తెలియదు కాబట్టి. నేను టెక్స్‌టైల్ మార్కెట్లో ఒక ఆఫీసులో కూర్చుని కంప్యూటర్ మీద చీరల డిజైన్లు గీస్తాను. నా డిజైనొకటి తప్పుగా అచ్చయి తిరిగొచ్చిన బట్ట తాను ఇంట్లో ఉంది. చిలకలు గీశాను, అచ్చులో బాతులయ్యాయి. వీధి చివర దర్జీ దాన్ని కారు కొలతకి కుట్టాడు. ఆ నెలల్లో మా ఇంటి ముందు నుంచి వెళ్లినవాళ్లందరూ గులాబీ రంగు బాతులు కప్పుకున్న కారుని చూశారు. పొద్దంతా గాలికి కవరు లేచి పడుతుంటే బాతులు ఎగరడానికి ప్రయత్నిస్తున్నట్టుండేది. కింద దుమ్ము ఉంటే ఆ కవరే రోజంతా గరుకు కాగితంలా రుద్దుతుందని అప్పటికి మాకు తెలియదు.

ఒక ఆదివారం కొంచెం తొందరగా లేచాను. ఎండ ఇంకా ఏటవాలుగా ఉంది. కవరు తీసి, అద్దం సరిచేద్దామని వంగితే బానెట్ మీద ఎండ పడి కనిపించింది.

గీతలు. వెంట్రుక కన్నా సన్నవి. కొన్ని నిలువుగా, కొన్ని అడ్డంగా, ఒకదాని మీదుగా ఒకటి, ఎక్కడా క్రమం తప్పకుండా. నీడలో చూస్తే ఏమీ లేదు. ఎండలో చూస్తే బానెట్ మీద ఒక తాను పరిచినట్టుంది.

బాపుని పిలిచాను. "బాపూ, దీని మీద ఏమన్న నేసినవా?"

నవ్వలేదు. జేబులోంచి పోగులు లెక్కపెట్టే మడత భూతద్దం తీసి, బానెట్ మీద పెట్టి, కన్ను ఆనించి చూశాడు. చాలాసేపు చూశాడు. జరిపి మళ్లీ చూశాడు.

"పడుగు మంచిగనే వచ్చింది," అన్నాడు. "పేకనే జర పల్చగున్నది."

నేను జోకనుకున్నాను. కాదు. మనిషికి దిక్కు తోచనప్పుడు తెలిసిన పని చేస్తాడు, ఆయనకి తెలిసింది బట్టని పరీక్షించడం.

అమ్మ చాయ్ గ్లాసుతో బయటికి వచ్చి చూసింది. కడిగితే పోతుందా అని అడిగింది. పోదన్నాను. గ్లాసు పిట్టగోడ మీద పెట్టి, ఇవాళ నల్లా రాదు అన్నంత మామూలుగా అంది: "అయితే తమ్ముడు ఇగ రాడు."

ఆ రోజు బాపు అన్నం ముట్టలేదని రాస్తే చదవడానికి బాగుంటుంది. తిన్నాడు. పప్పు మళ్లీ వేసుకున్నాడు కూడా. కానీ తింటున్నంతసేపూ తన వేళ్లని తనే చూసుకున్నాడు. బట్ట విషయంలో ఆ వేళ్లు అంతకు ముందెప్పుడూ తప్పు చెప్పలేదు.

ఆయన్ని బాధపెట్టింది గీతలొక్కటే కాదు, కారణం తెలియకపోవడం. సాటిన్ కన్నా మెత్తనిది ఏముంది? అందుకని ప్రయోగాలు మొదలుపెట్టాం. మామ కారు మీద కాదు, నా స్కూటీ మీద. అది కూడా నల్లదే. దాని అభిప్రాయం ఎవరూ అడగలేదు.

నేను ఫోన్లో వీడియోలు చూసేదాన్ని, బాపు భూతద్దంలో బట్టలు చూసేవాడు. రెండూ కలిపితే కొన్నాళ్లకి ఒక సంగతి తేలింది. గీతలు పెట్టేది బట్ట కాదు, బట్ట కింద ఇరుక్కున్న ఇసుక రేణువు. సాటిన్ నున్నగా ఉంటుంది కాబట్టి రేణువుకి దాక్కునే చోటు లేదు. బట్టకీ రంగుకీ మధ్యే దొర్లుతుంది. చెయ్యి ఎంత గట్టిగా నొక్కితే అది అంత లోతుగా సంతకం పెడుతుంది. బాపు శ్రద్ధే గీతల్ని లోతు చేసింది. ఇంకొంచెం బద్ధకస్తుడై ఉంటే కారు బాగుండేది. ఈ లెక్కన నాకు అప్పగించి ఉంటే కొత్తదానిలా ఉండేది. ఆ మాట అన్నాను కూడా. అమ్మ గరిటె చూపించింది.

మార్కెట్ దగ్గర కారు సామాన్ల షాపులో మందంగా, బొచ్చుగా ఉన్న తువాలు ఒకటి తెచ్చాను. మైక్రోఫైబర్ అంటారు. బాపు భూతద్దం పెట్టి చూసి, మొహం చిన్నబుచ్చుకున్నాడు.

"ఇది గూడ పాలిస్టరే."

సొంత చుట్టం వేరే పేరుతో తిరుగుతూ దొరికిపోయినట్టు అన్నాడు. నిజమే, మా ఊరు పొద్దున లేస్తే తయారుచేసేది ఆ జాతి నూలే. కానీ దీని నూలు చీల్చి చీల్చి, ఉచ్చులుగా లేపి ఉంటుంది. రేణువు ఆ ఉచ్చుల మధ్యలోకి పైకి వెళ్లిపోతుంది, కింద దొర్లదు. బాపు దాని అంచు తడిమి చూశాడు. అంచు కుట్టు గట్టిగా ఉంది, పక్కన ప్లాస్టిక్ లేబులు. కత్తెర తెచ్చి లేబుల్ కత్తిరించేశాడు. అంచు వైపు ఎప్పుడూ బండికి తగలకూడదని నిర్ణయించాడు.

అసలు మొదట బట్టే ముట్టుకోకూడదని కూడా ఆయనకే తట్టింది. కార్ఖానాలో షిఫ్టు మారేటప్పుడు మగ్గాల మీద పేరుకున్న నూగుని గాలి కొట్టి ఊదేస్తారు. ఎవరూ తుడవరు. ఇన్నేళ్లూ అది కళ్ల ముందే జరుగుతోంది. సేఠ్‌ని అడిగి చేతి బ్లోయర్ ఒకటి ఆదివారానికి ఇంటికి తెచ్చాడు. స్కూటీ మీద పెట్టి నొక్కితే దుమ్ము మొత్తం లేచి, పక్కింటి గుజరాతీ ఆంటీ మంచం మీద ఆరబెట్టిన పాపడ్‌ల మీద వాలింది. ఆవిడ హిందీలో మొదలుపెట్టి, కోపం పెరిగేకొద్దీ గుజరాతీలోకి వెళ్లింది. అమ్మ తెలుగులో క్షమాపణ చెప్పింది. సాయంత్రానికి ఒక చీర ఆ ఇంటికి వెళ్లింది. బట్టే జవాబు అని ముందే చెప్పాను.

అలా మా పద్ధతి ఒకటి స్థిరపడింది. ఎండలో ముట్టుకోకూడదు, రేకు చల్లగా ఉండాలి. ముందు గాలి. వేలితో పేరు రాయగలిగేంత దుమ్మున్నా, బురద చుక్కలున్నా బట్ట మాటే ఎత్తకూడదు, బకెట్లు పట్టుకుని కడగాల్సిందే. గాలికి పోగా మిగిలిన పల్చటి దుమ్మైతే, తర్వాత కడగక్కర్లేని షాంపూ ఒకటి దొరుకుతుంది, దాన్ని నీళ్లలో కలిపి సన్నగా చల్లి కాసేపు నాననివ్వాలి. తువాలుని నాలుగు మడతలు పెట్టి, పైన వేసి, నొక్కకుండా ఒకే వైపు లాగాలి. "బట్ట బరువే బరువు. చెయ్యిది గాదు," అనేవాడు బాపు. ఒకసారి లాగిన ముఖంతో మళ్లీ లాగకూడదు, తిప్పాలి. అన్ని ముఖాలూ మాసిపోతే ఇంకో తువాలు. దుమ్ము పూర్తిగా పోయాకే కవరు. కింద పడితే ఇక అది కారుకి పనికిరాదు, ఇల్లు తుడవడానికి వెళ్తుంది. అమ్మ వాటిని విడిగా ఉతికి విడి తీగ మీద ఆరేసేది, నూలు బట్టల నూగు అంటకుండా. నా చున్నీలకి ఆ ఇంట్లో ఎన్నడూ అంత మర్యాద జరగలేదు.

కొత్త గీత పడటం ఆగిపోయింది. పాతవి అలాగే ఉన్నాయి.

మామ వచ్చే వారం నేనొక సలహా ఇచ్చాను. ఈ వారం దుమ్ము తీయకుండా వదిలేద్దాం, దుమ్ము కింద గీతలు కనపడవు, ఆల్థాన్ వెళ్లాక ఎవరో తుడుస్తారు, తప్పు వాళ్ల మీదికి పోతుంది అని. హాస్యానికే అన్నాను. అమ్మ హాస్యంగా తీసుకోలేదు. "మంచిగున్నది. గట్లనే చేద్దాం," అంది. నా జోకుల్లో ఇంట్లో అమలైంది అదొక్కటే. బాపు వారమంతా కారు దగ్గరికి కూడా వెళ్లలేదు.

ఆదివారం పొద్దున మామ వచ్చాడు. కొంచెం లావయ్యాడు, నల్లకళ్లద్దాలు పెట్టుకున్నాడు. బాతుల కవరు చూసి నా వైపు చూశాడు.

"కోడలా, గివి ఏంది, బాతులా?"

"చిలకలు మామా. సూరత్ వచ్చినంక లావైనయి."

వారమంతా కప్పకుండా ఉంచి, మామ వస్తున్నాడని ఆ పొద్దున్నే పైపైన వేసిన కవరు తీశాం. కారు మీద వారం దుమ్ము, బూడిద రంగులో. మామ మొహంలో ఏమీ కనపడలేదు, కానీ జేబులోంచి చేతిరుమాలు తీశాడు. చూద్దామనో, అలవాటుగానో, బానెట్ మీద పెట్టబోయాడు. నాలుగు మడతల ఇస్త్రీ రుమాలు, కింద వారం రోజుల ఇసుక.

బాపు చెయ్యి వచ్చి మామ మణికట్టు పట్టుకుంది.

"పొడి బట్ట పెట్టకు బామ్మర్దీ."

అంత గట్టిగా పట్టుకోవాల్సిన అవసరం లేదు. అమ్మ గుమ్మంలో ఆగిపోయింది. మామ రుమాలు వైపు, చెయ్యి వైపు, బాపు వైపు చూశాడు. బాపు చెయ్యి వదిలి, బ్లోయర్ తెమ్మని నాకు సైగ చేశాడు. ఈసారి ముందు జాగ్రత్తగా ఆంటీ పాపడ్‌లు లోపల పెట్టించాను.

కారు గోడ నీడలో ఉంది. బాపు పైనుంచి కిందికి గాలి కొట్టాడు. మిగిలిన దుమ్ము పల్చగా ఉందో లేదో వంగి చూసి, నీళ్లు చల్లాడు, ఆగాడు. తువాలు వేసి మెల్లగా ఒక్కసారి లాగాడు, తిప్పాడు, మళ్లీ లాగాడు. ఎందుకు తిప్పాలో, ఎందుకు నొక్కకూడదో చెబుతూ చేశాడు. మామ చేతులు కట్టుకుని విన్నాడు. కారులో కంపెనీ టౌన్‌షిప్‌కి వెళ్లినప్పుడు అక్కడ ఒకడు ఒకే తడిగుడ్డతో వరసగా అన్ని బండ్లూ తుడుస్తాడని మధ్యలో ఒకసారి అన్నాడు. నీడలో కారు అద్దంలా తేలింది. ఒక్క గీత కనపడలేదు. అంటే అక్కడితో ఆపేస్తే సరిపోయేది. తాళం చెవి ఇచ్చి, చాయ్ పోసి, పంపించేయొచ్చు. అమ్మ కళ్లు బాపుకి సరిగ్గా అదే చెబుతున్నాయి.

బాపు తువాలు మడతపెట్టి నా వైపు తిరిగాడు.

"బిడ్డా, బండి జర ముందుకు తీయి. ఎండలకు."

తీశాను. ఇంజన్ ఆపి దిగలేదు. స్టీరింగ్ పట్టుకుని లోపలే కూర్చున్నాను. అద్దంలోంచి చూస్తే ఎండ బానెట్ మీదికి పాకింది. నిలువు గీతలు ముందు వచ్చాయి, తర్వాత అడ్డగీతలు.

మామ కళ్లద్దాలు తీశాడు. బాపు జేబులోంచి భూతద్దం తీసి ఆయన చేతిలో పెట్టాడు, కొన్ని నెలల కింద తాళం చెవి తీసుకున్న చెయ్యితోనే.

"నువ్వు గీత పడనియ్యకన్నవ్. నేనే గీసిన. మెత్తని బట్ట అనుకున్న."

మామ వంగి భూతద్దంలో చూశాడు. ఇంజనీరు కదా, ఊరికే చూడలేదు. రేకు ఆ మూల నుంచి ఈ మూల దాకా జరుపుకుంటూ చూశాడు. వీధిలో ఎవరో స్కూటర్ కిక్ కొడుతున్నారు, అది స్టార్ట్ కావడం లేదు. సందర్భానికి తగిన సంగీతం అదే దొరికింది.

మామ నిటారుగా నిలబడి భూతద్దం మడిచాడు.

"మంచిగ నేసినవ్ బావా. పోగు ఎక్కడ తెగలే."

ఆ మాట నేను అనాల్సింది. నెలల తరబడి ఆ కారు పక్కన ఉండి కూడా నాకు తట్టలేదు. ఇక్కడ ఎవరైనా కళ్లు తుడుచుకుంటే బాగుండేది. బాపు భూతద్దం తుడిచాడు, మైక్రోఫైబర్‌తోనే, నొక్కకుండా. మామ లిఫ్టు గురించి ఏదో మొదలుపెట్టాడు. "గా దినం వాచ్‌మన్..." అన్నాడు. బాపు "చాయ్ సల్లారుతది" అని లోపలికి నడిచాడు. చాయ్ ఇంకా పొయ్యి మీదే ఉంది. అమ్మ పరుగున వెళ్లి మంట పెంచింది.

ఆ వచ్చే ఆదివారం మామ మళ్లీ వచ్చాడు. ముందు రోజు టౌన్‌షిప్‌కి వెళ్లొచ్చాడట, కారు నిండా హజీరా రోడ్డు దుమ్ము. సెల్లారులో కార్లు తుడిచేవాళ్ల చేతికి ఇవ్వబుద్ధి కాలేదన్నాడు. బాపు చేసి చూపించాడు, మామ చేశాడు, ఎక్కువ నొక్కుతున్నాడని బాపు తిట్టాడు. తర్వాత అన్నం తిన్నారు. అప్పటి నుంచి దాదాపు ప్రతి ఆదివారం అంతే. మొన్న మామ ఇంట్లో సత్యనారాయణ వ్రతానికి బాపు ఆల్థాన్ వెళ్లాడు. వాచ్‌మన్ కొత్తవాడు, నమస్తే పెట్టి మనుషులెక్కే లిఫ్టు తలుపు తీశాడు. బాపు మెట్లెక్కి వెళ్లాడు. మోకాళ్లకు మంచిదట.

మెషిన్‌తో పాలిష్ కొట్టిస్తే ఆ గీతలు పోతాయి, నేను కనుక్కున్నాను. మామకీ తెలుసు. వానలు తగ్గాక చేయిస్తానన్నాడు. వానలు తగ్గాయి. దీపావళి అయ్యాక అన్నాడు. అది కూడా అయింది. పాలిష్ మాట వాడి దగ్గర ఎత్తొద్దని అమ్మ నాకు గట్టిగా చెప్పింది.

నేను ఎత్తలేదు. బాతుల కవరు మాత్రం మామ తీసుకెళ్లలేదు. దాన్ని ఇప్పుడు నా స్కూటీకి కప్పుతున్నాం.